వస్తువు, శిల్పం, కృష్ణారెడ్డి

1

‘వస్తువు’, ‘శిల్పం’ అనే రెండు మాటలు లేకుండా మన విమర్శలో ఒక్క వ్యాసం పూర్తికాదు. కథమీద రాసినా, కవితాసంపుటిమీద రాసినా, చివర రెండు పేరాలు వీటికి కేటాయించి, వస్తువు మంచిది, శిల్పం ఇంకా సాధించాలి అని తీర్పు చెప్పి లేచిపోతాం. ఇతరుల సంగతెందుకు, పదిహేనేళ్ళుగా నేను చేస్తున్నదీ అదే. ఈ ‘శిల్పం’ అనే మాటను మనం రాతి దగ్గరనుంచి, లోహం దగ్గరనుంచి, ఉలి దగ్గరనుంచి సాహిత్యంలోకి అరువు తెచ్చుకున్నాం. తెచ్చుకున్న తర్వాత అప్పు ఇచ్చినవాడి ఇంటివైపు మళ్ళీ వెళ్ళలేదు. వెళ్ళి ఉంటే, వస్తువు ఒకటి, శిల్పం ఇంకొకటి అన్నట్టు అంత సులభంగా మాట్లాడి ఉండేవాళ్ళం కాదేమో.

ఈ ఆలోచనకు ఒక సమావేశం కారణం. కొత్తవలసలో మేం కొందరం ఉపాధ్యాయులం, రచయితలం, రైల్వే ఉద్యోగులం నెలకోసారి కూర్చుంటాం. ఆ నెల నా వంతు వచ్చింది. శిల్పి, చిత్రకారుడు కృష్ణారెడ్డి గురించి మాట్లాడాను. ఆయన 1968లో చేసిన ‘డిమాన్‌స్ట్రేటర్స్’ (‘ప్రదర్శనకారులు’ అందాం) అనే అచ్చుచిత్రం నకలును అందరికీ చూపించాను. మాలో అందరికంటె పెద్దవారు, నలభై ఏళ్ళు ఉద్యమంలో గడిపినవారు, కళ్ళజోడు సవరించుకొని దాన్ని చాలాసేపు చూశారు. “మాస్టారూ, ఇందులో మనిషేడీ? మనిషి ముఖమే కనిపించని కళ మనకెందుకండీ?” అన్నారు.

నేను ఏదో సమాధానం చెప్పాను. అది సమాధానం కాదని ఇంటికి వెళ్ళే దారిలోనే తెలిసింది. ఆయన ప్రశ్న తేలికైనది కాదు. అభ్యుదయ సాహిత్యోద్యమం పుట్టిననాటినుంచి మనం అడుగుతూ వచ్చిన ప్రశ్నే అది. దానికి సమాధానం చెప్పకుండా కృష్ణారెడ్డిని మెచ్చుకోవడం నిజాయితీ కాదు. ఆ ప్రశ్నను అడ్డుపెట్టుకొని కృష్ణారెడ్డిని పక్కకు నెట్టడం అంతకంటె మంచిపని కాదు. అందుకే ఈ వ్యాసం.

2

ముందుగా మనిషి సంగతి. కృష్ణారెడ్డి 1925 జూలై 15న చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టాడు. 1940ల తొలి సంవత్సరాల్లో శాంతినికేతన్ కళాభవన్‌లో చేరి నందలాల్ బోస్ దగ్గర చదువుకున్నాడు. ఆయన విద్యార్థిగా బెంగాలులో ఉన్న కాలంలోనే 1943 మహాక్షామం లక్షలాదిమందిని పొట్టన పెట్టుకుంది. కళాభవన్ ఆవరణలో అప్పటికే రామ్‌కింకర్ బైజ్ 1938లో నిలబెట్టిన ‘సంతాల్ కుటుంబం’ ఉంది. ఎర్రకంకర, సిమెంటు కలిపి చేసిన శిల్పం అది. బిడ్డనూ సామానునూ మోసుకుంటూ పనికోసం ఎక్కడికో తరలిపోతున్న గిరిజన కుటుంబం. పాలరాయి, కంచు కొనే స్తోమత లేని దేశంలో కాలికింద దొరికే కంకరతోనే శిల్పం చేయవచ్చని నిరూపించిన పని. అందులో నునుపు లేదు. ఆ గరుకుతనం కూడా ఆ మనుషుల బతుకులో భాగమే. మన పరిభాషలో చెప్పాలంటే అక్కడ పదార్థమే వస్తువులో సగం. కృష్ణారెడ్డి యౌవనంలో రోజూ చూసిన శిల్పం ఇది.

ఆ తర్వాత కొంతకాలం మద్రాసు కళాక్షేత్రలో చిత్రకళ బోధించాడు. 1949 ప్రాంతంలో లండన్ వెళ్ళి స్లేడ్ కళాశాలలో హెన్రీ మూర్ దగ్గర శిల్పం నేర్చుకున్నాడు. అక్కడినుంచి పారిస్. అక్కడ శిల్పానికి గురువు ఒసిప్ జాడ్కిన్. లోహఫలకంపై చెక్కడానికి గురువు స్టాన్లీ విలియం హేటర్. తర్వాత మిలాన్‌లో మరీనో మరీనీ దగ్గర కూడా పనిచేశాడు. హేటర్ నడిపిన ‘అతెలియే 17’ అనే కార్ఖానాలో విద్యార్థిగా అడుగుపెట్టి, 1960లలో దాని సహనిర్దేశకుడయ్యాడు. 1964లో కెనడాలోని మాంట్రియల్ కొండమీద జరిగిన అంతర్జాతీయ శిల్పుల శిబిరంలో పాల్గొన్నాడు. 1972లో పద్మశ్రీ వచ్చింది. 1970ల రెండో సగంలో న్యూయార్క్ చేరి అక్కడి విశ్వవిద్యాలయంలో చాలాకాలం బోధించాడు. 2018 ఆగస్టు 22న అక్కడే కన్నుమూశాడు.

ప్రపంచం ఆయనను ఎక్కువగా అచ్చుచిత్రాల కళాకారుడిగా లెక్కవేస్తుంది. కాని ఆయన చదువులో చాలాభాగం శిల్పుల దగ్గర సాగింది. లోహఫలకం దగ్గర కూర్చున్నప్పుడూ ఆయన చేసింది శిల్పమే. ఈ మాట ఎందుకంటున్నానో ముందు ముందు వివరిస్తాను.

3

నైరూప్యకళపై అభ్యుదయ శిబిరానికి ఉన్న అనుమానం ఊరికే పుట్టింది కాదు. దానికి చారిత్రక కారణాలున్నాయి. 1950లో సాంస్కృతిక స్వేచ్ఛ పేరిట ఒక అంతర్జాతీయ కాంగ్రెసు వెలసింది. దానికి డబ్బు అమెరికా గూఢచారి సంస్థనుంచి వస్తోందని 1966, 67 సంవత్సరాల్లో బయటపడింది. సోవియట్ కళకు పోటీగా, ‘స్వేచ్ఛాప్రపంచపు’ కళ ఇదీ అంటూ అమెరికన్ నైరూప్య చిత్రాలను యూరప్‌లో ఊరేగించినవారిలో ఈ సంస్థ మనుషులూ ఉన్నారు. బొమ్మలో అర్థం కనిపించకపోవడమే స్వేచ్ఛకు గుర్తు అని నమ్మించే ప్రయత్నం జరిగిన మాట వాస్తవం. కనుక మన పెద్దల అనుమానం అజ్ఞానం కాదు, అనుభవం.

అయితే శత్రువు వాడుకున్నంతమాత్రాన ఆయుధం శత్రువుది అయిపోదు. నైరూప్య శిల్పం చరిత్రలో మొదటి మహాస్వప్నాల్లో ఒకటి విప్లవ రష్యాలో పుట్టింది. మూడవ ఇంటర్నేషనల్‌కు స్మారకంగా తాత్లిన్ 1919, 20లలో రూపొందించిన గోపురం అది. ఇనుము, గాజు, తిరుగుతూ పైకిపోయే సర్పిలం. అందులో ఏ నాయకుడి ముఖమూ లేదు. కట్టడం జరగలేదు కాని, దాని నమూనాను ఆనాటి కార్మికులు చూశారు. నైరూప్యం బూర్జువావర్గపు సొత్తు అనేవారు ఈ గోపురాన్ని ఏం చేస్తారు?

కృష్ణారెడ్డి గురువుల సంగతే చూడండి. స్పెయిన్ అంతర్యుద్ధంలో ఫాసిజంతో పోరాడుతున్న రిపబ్లిక్ పక్షాన నిలబడి, హేటర్ 1938లో ‘సాలిదారితే’ అనే చిత్రసంపుటాన్ని వెలువరించాడు. అందులో పికాసో, మీరో వంటివారి పనులున్నాయి. జాడ్కిన్ సంగతి చూస్తే, 1940 మేలో నాజీ విమానాలు రోటర్‌డామ్ నగరాన్ని నేలమట్టం చేశాయి. ఆ నగరంకోసం జాడ్కిన్ చేసిన ‘ధ్వంసమైన నగరం’ అనే కంచు శిల్పాన్ని 1953లో నెలకొల్పారు. చేతులు ఆకాశంవైపు చాచి కేకపెడుతున్న ఆకారం. దాని గుండె ఉండాల్సిన చోట రంధ్రం. ఆ రంధ్రాన్ని ‘వస్తువు’ అంటామా, ‘శిల్పం’ అంటామా? రంధ్రం పూడిస్తే నగరం పోతుంది. శిల్పం మార్చి వస్తువును అలాగే ఉంచడం అక్కడ సాధ్యం కాదు.

మన దేశంలో సోమనాథ్ హోర్ ఉన్నాడు. కమ్యూనిస్టు పార్టీ కార్యకర్తగా తెభాగా రైతుపోరాటం మధ్యకు వెళ్ళి, 1946లో ఆ రైతుల బొమ్మలు వేసిన మనిషి. మొదట అచ్చమైన వాస్తవికత ఆయనది. అదే మనిషి 1970లలో ‘గాయాలు’ అనే వరస చేశాడు. తెల్ల కాగితపు గుజ్జుమీద తెల్లని చీలికలు, గంట్లు, గుంటలు. మనిషి లేడు, గాయమే ఉంది. క్షామంలో, యుద్ధంలో, జైళ్ళలో ఆయన చూసిన శరీరాలన్నీ ఆ కాగితంలో ఉన్నాయి. సోమనాథ్ హోర్ ప్రజలను విడిచి నైరూప్యానికి పారిపోయాడని అనగలమా? అనలేం. బొమ్మ గీసి చూపించిన బాధ చాలక, బాధ ఆనవాలునే చేతికి తగిలేట్టు చేయవలసివచ్చిందని అనాలి.

కొరియాలో నైరూప్య శిల్పానికి దారివేసిన కిమ్ జొంగ్‌యొంగ్ (1915-1982) ఉదాహరణ మరో విధంగా పనికివస్తుంది. కొయ్యనూ రాతినీ అతి తక్కువగా చెక్కి, పదార్థపు సహజగుణాన్ని నిలబెట్టడం ఆయన పద్ధతి. అదే శిల్పి జపాన్ వలసపాలనపై 1919 మార్చి 1న లేచిన ప్రజాఉద్యమానికి 1963లో సియోల్‌లో స్మారకం చేయవలసి వచ్చినప్పుడు, పోల్చుకోదగిన మనుషులనే నిలబెట్టాడు. తర్వాత పాలకులు ఆ స్మారకాన్ని అక్కడినుంచి తొలగించారు. 1991లో దాన్ని మరొకచోట తిరిగి నిలిపారు. దీన్నిబట్టి రెండు సంగతులు బోధపడతాయి. కళాకారుడు పనిని బట్టి రూపాన్ని ఎన్నుకుంటాడు కాని రూపానికి బానిస కాడు. ఇక ముఖం ఉన్నంతమాత్రాన శిల్పానికి రక్షణ ఏమీ లేదు.

మన శ్రీశ్రీ మాత్రం? అధివాస్తవికులను చదివి, వారి కవితలను తెలుగులోకి తెచ్చినవాడు. ఆ చదువు ఆయనను కార్మికులనుంచి దూరం చేయలేదు. కవిత్వంలో మనం అంగీకరించినదాన్ని శిల్పంలో అంగీకరించడానికి ఎందుకు వెనకాడుతున్నాం?

4

ఇక ‘ప్రదర్శనకారులు’ దగ్గరకు వస్తాను. 1968 మే నెలలో పారిస్ విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. వారి తర్వాత కార్మికులు కదిలారు. దాదాపు కోటిమంది సమ్మెలో దిగి ఫ్రాన్సు దేశాన్ని స్తంభింపజేశారు. కృష్ణారెడ్డి ఆ నగరంలోనే ఉన్నాడు. ఆ ఉద్యమపు స్పందనే ఈ చిత్రం. నిలువుగా లేచిన ఆకారాలు ఒకదాని పక్కన ఒకటి, ఒకదాని వెనక ఒకటి. తలలున్నట్టు, చేతులు పైకి లేచినట్టు లీలగా తెలుస్తుంది. కన్నూ ముక్కూ లేవు. ఒక ఆకారం ఎక్కడ ముగిసి పక్క ఆకారం ఎక్కడ మొదలవుతుందో తేల్చి చెప్పలేం.

సమావేశం ముగిసిన మర్నాడు ఈ నకలు నా సంచిలోనే ఉండిపోయింది. తొమ్మిదో తరగతిలో పాఠం అయ్యాక పది నిమిషాలు మిగిలితే పిల్లలకు చూపించాను. పేరు చెప్పలేదు. “ఏటి మాస్టారూ ఇది?” అన్నారు. మీరే చెప్పండి అన్నాను. ఒకడు జొన్నకంకులన్నాడు. ఒకమ్మాయి వానలో చెట్లు అంది. వెనక బెంచీలోంచి జనుముమిల్లు కార్మికుడి కొడుకు లేచి, “జనాలు మాస్టారూ. గేటుకాడ” అన్నాడు. ముఖాలు లేవు కదరా అంటే, “అంతమందిలో ముఖాలెవరు సూత్తారు మాస్టారూ” అన్నాడు.

ఇది చెప్పి, చూశారా పిల్లలకే అర్థమైంది అని చప్పట్లు కొట్టించుకోవడం నా ఉద్దేశం కాదు. నలభైమందిలో ఒక్కడికి తట్టింది. వాడి తండ్రి మిల్లు మూతపడినరోజుల్లో గేటు దగ్గర నిలబడినవాడు కావడంవల్ల తట్టింది. అంటే నైరూప్య చిత్రానికి అర్థం గాలిలో ఉండదు, చూసేవాడి జీవితానుభవంలో ఉంటుంది. ఈ సూత్రం కథకూ వర్తిస్తుంది.

కాని వాడి రెండో మాట నన్ను చాలాకాలం వదలలేదు. అంతమందిలో ముఖాలెవరు చూస్తారు! ఇందులో రెండు అర్థాలున్నాయి. గుంపులో నిలబడ్డవాడు తన ఒంటరితనాన్ని పోగొట్టుకొని పక్కవాడితో ఒకటవుతాడు. ఇది సంఘీభావం. అదే గుంపును కిటికీలోంచి చూసే యజమానికి అందులో మనుషులు కనిపించరు, ఒక మూక కనిపిస్తుంది. ఇది అమానుషత్వం. ముఖాలు తీసేసిన శిల్పి ఈ రెంటిలో ఏ వైపు ఉన్నాడు? మా పెద్దాయన ప్రశ్నలోని అసలు పదును ఇక్కడుంది.

చిత్రాన్ని మళ్ళీ మళ్ళీ చూసి నేను తేల్చుకున్నది ఇది. యజమాని చూపులో మూకకు అంచు ఉంటుంది; లోపల ఏమీ ఉండదు. కృష్ణారెడ్డి గుంపు దీనికి విరుద్ధం. ప్రతి నిలువు ఆకారమూ విడిగా చెక్కిన గీత. దేని లోతు దానిదే, దేని వంపు దానిదే. రెండు ఆకారాల మధ్య ఖాళీని సైతం ఆయన ఖాళీగా వదలలేదు. వాటిని కలిపే బలం అక్కడ ఉంది. వ్యక్తి ముఖాన్ని తీశాడు కాని వ్యక్తి నిలుపును తీయలేదు. కిటికీ దగ్గర నిలబడి చూసినవాడు ఇలా చెక్కలేడు. వీధిలో దిగి చూసినవాడే చెక్కగలడు.

అదే కాలంలో మన కొండల్లో ఏం జరుగుతున్నదో గుర్తుచేసుకోవాలి. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర సభకు వెళుతున్న గిరిజనులపై భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. ఆ తర్వాత శ్రీకాకుళం ఎలా భగ్గుమన్నదో, తెలుగు సాహిత్యాన్ని ఎలా రెండుగా చీల్చిందో మనకు తెలుసు. తెలుగు కవులు శ్రీకాకుళంమీద రాశారు. తెలుగు శిల్పి పారిస్ వీధిమీద చెక్కాడు. దీన్ని నేరంగా ఎంచేవారున్నారు. నేను ఎంచను. కళాకారుడు తన కాలికింది నేల అదిరినప్పుడు స్పందించాడా లేదా అన్నదే ప్రశ్న. స్పందించాడు. అయితే శ్రీకాకుళం పోరాటానికి కవిత్వంలో, కథలో ఉన్న వారసత్వం శిల్పంలో ఎందుకు లేదన్న ప్రశ్న మిగిలే ఉంది. అది కృష్ణారెడ్డిని కాదు, మనల్ని మనం అడగవలసినది.

5

ఆయన పని పద్ధతి గురించి కొంత వివరంగా చెప్పాలి. పని పద్ధతిని వదిలేసి ఆశయాలను మాత్రమే విచారించడం మన విమర్శకున్న పాతజబ్బు.

మామూలుగా రంగుల అచ్చుచిత్రానికి రంగుకొక ఫలకం కావాలి. కృష్ణారెడ్డి, బొంబాయినుంచి వచ్చిన కైకో మోతీ, హేటర్, ఈ ముగ్గురి శ్రమతో అతెలియే 17లో 1950లలో ఒక కొత్త పద్ధతి రూపుదిద్దుకుంది. ఒకే ఫలకం. దాన్ని ఉలులతో, ఆమ్లంతో, యంత్రపు పనిముట్లతో వేర్వేరు మట్టాలకు లోతుగా చెక్కుతారు. గుట్టలు, పల్లాలు, అడుగున కాలువలు; చేయి వేస్తే పొలంలా ఉంటుంది. మొదట సిరాను కాలువల్లోకి పట్టించి పైన తుడిచేస్తారు. తర్వాత నూనె ఎక్కువ కలిపిన పలచని సిరాను గట్టి రోలరుతో దొర్లిస్తారు. అది గుట్టల తలలకే అంటుతుంది. ఆ తర్వాత చిక్కని సిరాను మెత్తని రోలరుతో దొర్లిస్తారు. మెత్తనిది కనుక అది పల్లాల్లోకీ దిగుతుంది. పలచని సిరా ఉన్నచోట చిక్కనిది అంటుకోదు. అలా ఒకదానినొకటి నెట్టుకుంటూ, ఎవరి చోటు వారు పట్టుకుంటూ, రంగులన్నీ ఒకే ఫలకంమీద నిలుస్తాయి. కాగితం పరిచి ఒక్కసారి యంత్రంలో నడిపితే అన్నీ ఒకేసారి దిగుతాయి.

గతితర్కం గురించి మనం చాలా రాశాం. విరుద్ధశక్తులు ఒకేచోట ఉండి, వాటి ఘర్షణలోంచే కొత్త ఐక్యత పుడుతుందని పిల్లలకు చెప్పినట్టు చెబుతాం. ఇక్కడ అది చేతిపనిగా కనిపిస్తుంది. రంగు పైన పూసింది కాదు; లోతును బట్టి పుట్టింది. రూపం వేరే, దానికి వేసిన రంగు వేరే అనడానికి వీలులేదు. చెక్కడం మారితే రంగు మారుతుంది. ఫలకం ఆయనకు శిల్పమని అన్నది ఇందుకే. కాగితం ఆ శిల్పానికి తీసిన అచ్చు. 1988లో అచ్చైన తన పుస్తకంలో ఆయన ఈ పద్ధతిని, పదార్థాల స్వభావాన్ని సాంతం విప్పి చెప్పాడు. విద్యను దాచుకోలేదు. అతెలియే 17 అసలు అలా నడిచిన చోటు. పేరున్నవారూ పేరులేనివారూ ఒకే బల్ల దగ్గర పనిచేసి, ఒకరు కనిపెట్టింది పదిమందికి పంచిన సమష్టి కార్ఖానా. అలీగఢ్‌నుంచి వెళ్ళిన జరీనా హష్మీ వంటివారు అక్కడే నేర్చుకున్నారు. 2016, 17లలో న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియం హేటర్, కృష్ణారెడ్డి, జరీనాల పనులను కలిపి ప్రదర్శించింది. గురుశిష్య పరంపర అని మనం గొప్పగా చెప్పుకునేదానికి, విద్యను గుప్పిట మూసి దాచుకునే మన అలవాటుకూ పొత్తు కుదరదు. ఆ కార్ఖానాలో కుదిరింది.

మా జిల్లా చాసో కథలు రాసిన తీరు ఇక్కడ గుర్తుకొస్తుంది. ఆయన కథలో ఒక వాక్యం తీసేస్తే కథ కూలుతుంది. వస్తువుకు తొడిగిన చొక్కా కాదు ఆ శిల్పం, వస్తువు ఎముక. చాసోను మెచ్చుకోవడానికి తడుముకోని మనం, అదే నియమంతో లోహంమీద పనిచేసినవాడి ముందు తెల్లమొహం వేస్తున్నాం.

6

నైరూప్యం మన జనానికి పరాయిది అనే వాదం ఒకటుంది. మా ఊరినుంచి సింహాచలం ఎంతో దూరం లేదు. అక్కడి మూలవిరాట్టు ఏడాది పొడుగునా చందనపు పూతలో ఉంటుంది. ముఖం లేదు, చేతులు లేవు. ఒక లింగాకారపు ముద్ద. వైశాఖంలో అక్షయతృతీయనాడు ఒక్కరోజు చందనం వొలిచి నిజరూపం చూపిస్తారు. మిగిలిన రోజులన్నీ లక్షలాది కష్టజీవులు ఒక నైరూప్య ఆకారం ముందే తమ కష్టసుఖాలు చెప్పుకొని వస్తున్నారు. అప్పన్నకు ముఖమేదని ఎవరూ అడగలేదు. ఊరి పొలిమేరలో పసుపు పూసి, కుంకుమబొట్టు పెట్టిన చెక్కని రాయి ఉంటుంది. దాన్ని చూసి అది తల్లి అని పోల్చుకోలేని ఆడకూతురు ఈ ప్రాంతంలో లేదు.

నేను నాస్తికుణ్ణి. భక్తిని సమర్థించడానికి ఇది చెప్పడంలేదు. చూసే శక్తి గురించి చెబుతున్నాను. ముఖం లేని రాతిలో అర్థాన్ని నిలుపుకోగల శక్తి మన ప్రజలకు తరతరాలుగా ఉంది. ఆ శక్తిని మతం వాడుకుంది. మనం వాడుకోలేదు. మనకు తెలిసిన శిల్పమంతా కూడళ్ళలో నిలబెట్టిన విగ్రహం. వేలు చూపిస్తూ ఒకరు, పుస్తకం పట్టుకొని ఒకరు. కింద పేరు చదివితే తప్ప ఎవరో తెలియదు. అది పోలిక కోసం చేసిన పనే అయినా పోలిక కూడా ఉండదు. నైరూప్యం అర్థం కాదని గోలపెట్టే మనం ఈ అనర్థాన్ని ఎన్నడైనా ప్రశ్నించామా?

వాస్తవిక శిల్పాన్ని తక్కువ చేయడం లేదు. మద్రాసు సముద్రతీరంలో 1959లో నెలకొల్పిన దేవీప్రసాద్ రాయ్ చౌధురి ‘శ్రమవిజయం’ ఎదుట నిలబడ్డప్పుడు నా ఒళ్ళు గగుర్పొడిచింది. నలుగురు కార్మికులు బండను పెకలించే ఆ శిల్పంలో కండరం కండరమూ మాట్లాడుతుంది. అది శ్రమించే దేహాన్ని చూపిస్తుంది. కృష్ణారెడ్డి ఫలకం ఆ దేహాన్ని పక్కనపెట్టి, దాన్ని కదిలించే ఒత్తిడిని, పట్టును, ఎదురుదెబ్బను చూపిస్తుంది. శ్రామికవర్గానికి ఈ రెండూ కావాలి.

7

ఇంత చెప్పాక ఆయన లోపాలు దాచడం తగదు.

ఒకటి. ‘ప్రదర్శనకారులు’లో కనిపించిన సామాజిక ఉద్వేగం ఆయన కళలో నిలకడగా సాగలేదు. అల, సుడిగుండం, చేప, పువ్వు వంటి ప్రకృతి చలనమే ఆయన అభిమాన వస్తువు. సృష్టి అంతా ఒకే స్పందన అనే తాత్త్వికత అందులో ఉంది. అది అందమైనదే. కాని అందులో అలకూ, ఊరేగింపుకూ తేడా చెరిగిపోయే ప్రమాదం ఉంది. అల దానంతట అది లేస్తుంది. జనం అలా లేవరు; వారిని ఆకలి లేపుతుంది, ఆలోచన లేపుతుంది, సంఘం లేపుతుంది.

రెండు. 1980లలో చేసిన ‘గ్రేట్ క్లౌన్’లో గోదా మధ్య నిలబడ్డ విదూషకుడు పనితనానికి పరాకాష్ఠ. ఒకే ఫలకంనుంచి ఎన్నో రంగుల తేడాలతో అచ్చులు తీశాడు. పద్ధతి తన బలాన్ని తానే ప్రదర్శించుకుంటున్నట్టు నాకు తోచింది. నేలలోంచి మొలిచిన గుంపు పక్కన ఈ విదూషకుడు ఒంటరివాడు.

మూడు. అచ్చుచిత్రం స్వభావరీత్యా పదిమందికి చేరే కళ. 1943 క్షామంమీద చిత్తప్రసాద్ వేసిన ‘హంగ్రీ బెంగాల్’ ప్రతులను బ్రిటిష్ ప్రభుత్వం పట్టుకొని తగలబెట్టింది. అవి జనంలోకి వెళతాయన్న భయమే దానికి కారణం. కృష్ణారెడ్డి అచ్చులను ఎవరూ తగలబెట్టనక్కరలేదు. అవి మ్యూజియంలలో, సంపన్నుల గోడలపై భద్రంగా ఉన్నాయి. మనకు దక్కేది వాటి ఛాయాచిత్రం. అసలు కాగితంమీద ఫలకపు ఎత్తుపల్లాలు ఉబ్బి చేతికి తగులుతాయి. నకలు చదునుగా ఉంటుంది. నేను కూడా ఆయన పనిని నకళ్ళలోనే చూశాను. నా అంచనాకు ఆ పరిమితి ఉంది.

మా స్టేషన్‌మీదుగా బైలదిల్లా ఇనుపరాయి బళ్ళు రాత్రింబగళ్ళు పోతుంటాయి. 1960లలో జపాన్ అవసరంకోసం వేసిన దారి అది. రాయి మనది, ఉక్కు వాళ్ళది. కృష్ణారెడ్డి కథ కూడా ఇంతేనా అని ఒక్కోసారి అనిపిస్తుంది. కాని ఈ పోలిక సగమే నిజం. ఆయన ముడిరాయిగా వెళ్ళలేదు. రామ్‌కింకర్ శిల్పాన్ని కళ్ళనిండా నింపుకొని వెళ్ళాడు. తిరిగి మన దగ్గరకు చేరకపోవడానికి ఆయనొక్కడే బాధ్యుడు కాదు. నేను పనిచేసిన ఒక బడిలో డ్రాయింగు మాస్టారు రిటైరైన తర్వాత ఆ గదిని పాత బెంచీలు పడెయ్యడానికి వాడారు. విజయనగరంలో అంట్యాకుల పైడిరాజువంటి చిత్రకారుడు, శిల్పి పనిచేసిన జిల్లా ఇది. అక్కడి పిల్లలకు కుంచె పట్టుకోవడం నేర్పేవాడు లేడు. చూడడం నేర్పని సమాజానికి, చూడడం చేతకాలేదని కళాకారుణ్ణి నిందించే హక్కు లేదు.

8

మా పెద్దాయన ప్రశ్న దగ్గరకే తిరిగి వస్తాను. ఇందులో మనిషేడీ?

సమాధానం ఇప్పుడు ఇలా చెబుతాను. మనిషి బొమ్మలో లేకపోవచ్చు. చెక్కిన లోతులో ఉన్నాడు, చెక్కిన చేతిలో ఉన్నాడు, చూసి పోల్చుకున్న పిల్లవాడిలో ఉన్నాడు. ఈ మూడుచోట్లా మనిషి లేకపోతే అది అమానుషమైన కళే, దాన్ని నిర్మొహమాటంగా తిరస్కరించవలసిందే. ఎన్నో ఖరీదైన నైరూప్య శిల్పాలకు ఆ తీర్పు తప్పదు. ముఖాలు చక్కగా గీసిన ఎన్నో అభ్యుదయ చిత్రాలకూ, పేర్లూ ఊళ్ళూ చక్కగా రాసిన ఎన్నో అభ్యుదయ కథలకూ అదే తీర్పు తప్పదు. కొలబద్ద ఒకటే కావాలి. మనవారికొకటి, పైవారికొకటి పనికిరాదు.

‘వస్తువు బాగుంది, శిల్పం సాధించాలి’ అనే వాక్యాన్ని నేను ఇకమీదట రాయదలచుకోలేదు. అది తప్పని ఒక శిల్పి నాకు నేర్పాడు. శిల్పం సాధించని చోట వస్తువు కూడా సాధించినట్టు కాదు. వస్తువు ఉందని మనం మర్యాదకు అంటున్నామంతే.

వచ్చేనెల సమావేశంలో పెద్దాయనకు ఈ వ్యాసం చదివి వినిపిస్తాను. ఆయన ఒప్పుకుంటారన్న నమ్మకం నాకు లేదు. ఒప్పుకోకపోతే మళ్ళీ మాట్లాడుకుంటాం. ఈసారి ఆ జనుముమిల్లు పిల్లవాణ్ణి కూడా తీసుకువెళతాను.